రాత మీద బతుకు: రచయిత, ఎడిటర్ నిజానికి అమ్ముకునేది ఏమిటి?

1667 ఏప్రిల్ 27న లండన్‌లో కవి జాన్ మిల్టన్‌కూ ముద్రాపకుడు శామ్యూల్ సిమన్స్‌కూ ఒక ఒప్పందం కుదిరింది. ‘ప్యారడైజ్ లాస్ట్’ కావ్యపు రాతప్రతికి గాను మిల్టన్‌కు వెంటనే 5 పౌండ్లు ముట్టాయి. మొదటి ముద్రణలో 1300 ప్రతులు అమ్ముడుపోయాక మరో 5 పౌండ్లు ఇవ్వాలని, ఆ తర్వాతి రెండు ముద్రణలకూ ఇదే లెక్క వర్తించాలని రాసుకున్నారు. కవి మరణించాక, 1680లో, ఆయన భార్య ఎలిజబెత్ మిగిలిన హక్కులన్నింటినీ 8 పౌండ్లకు వదులుకుంది. మహాకవికి జరిగిన అన్యాయంగా ఈ సంగతిని చెప్పుకోవడం మామూలే. కానీ రాతను వృత్తిగా పెట్టుకోదలచినవారు దీన్ని మరోలా కూడా చదవవచ్చు. ఒకేసారి పుచ్చుకోవడం మేలా, అమ్మకాన్ని బట్టి పుచ్చుకోవడం మేలా, హక్కు ఎవరి దగ్గర ఉండాలి, దాన్ని ఎప్పుడు వదులుకోవాలి అనే ప్రశ్నలు అన్నీ ఆ ఒక్క కాగితంలోనే ఉన్నాయి. ఇప్పటి ఒప్పందాల్లో పుటలు పెరిగాయి గానీ ప్రశ్నలు మారలేదు.

రాసి బతకడం సాధ్యమా అన్న చర్చ 2022 నవంబరులో చాట్‌జీపీటీ జనం చేతికి వచ్చినప్పటి నుంచి మళ్లీ జోరందుకుంది. ఈ వృత్తిలో కూడు దొరకదని కొందరు, హాయిగా బతుకుతున్నామని మరికొందరు అంటారు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా నిజమే కావచ్చు. వారు ఒకే మాట వాడుతూ వేర్వేరు వ్యాపారాల గురించి మాట్లాడుతున్నారు.

ఒకే పేరు కింద ఇమిడిన వేర్వేరు పనులు

రచయిత అనగానే మనకు నవలాకారుడో కవో గుర్తుకొస్తారు. రాత మీద క్రమంగా ఆదాయం పొందేవారిలో వీరు ఒక భాగం మాత్రమే. యంత్రాల వాడకపు పుస్తకాలు, సాఫ్ట్‌వేర్ సహాయ పుటలు రాసే టెక్నికల్ రైటర్లు, ప్రకటనల్లో వచ్చే మాటలు (కాపీ) రాసేవారు, పత్రికా విలేకరులు, సంస్థల వార్షిక నివేదికలు తయారుచేసేవారు, నాయకులకు ప్రసంగాలు రాసి ఇచ్చేవారు, సినిమాలకూ ధారావాహికలకూ సంభాషణలు రాసేవారు, మరొకరి ఆత్మకథను ఆ మరొకరి పేరు మీదే రాసే ఘోస్ట్ రైటర్లు కూడా రచయితలే. వీరిలో చాలామంది పేరు పాఠకుడికి ఎన్నడూ కనిపించదు.

ఎడిటర్ విషయంలో తికమక ఇంకా ఎక్కువ. తెలుగులో సంపాదకుడు అంటే పత్రిక విధానాన్ని నిర్ణయించే పెద్దమనిషి. తాళపత్ర ప్రతులను పోల్చి శుద్ధపాఠాన్ని తేల్చే పండితుడిని పరిష్కర్త అన్నాం. పలువురి రచనలను ఏరి కూర్చేవాడు సంకలనకర్త. అచ్చుకు ముందు తప్పులు పట్టేవాడు ప్రూఫ్ రీడరు. ఇంగ్లీషు మాట వీరిలో మొదటి ముగ్గురినీ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. దీనికి తోడు, వాక్యాన్ని వాక్యంగా పట్టుకుని బాగుచేసే వ్యక్తికి మన దగ్గర స్థిరపడిన పేరే లేదు. పేరు లేని పనికి ధర అడగడం కష్టం. ఎడిటింగ్ చేసిపెట్టమని వచ్చినవారిలో సగంమంది నిజానికి ఏం కోరుతున్నారో వారికే స్పష్టంగా తెలియకపోవడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం.

కాలం, పాఠం, హక్కు

పని పేరు ఏదైనా, రాసేవారూ దిద్దేవారూ అమ్మగలిగినవి మూడే. మొదటిది కాలం: నెల జీతానికి, లేదా గంటల లెక్కన. రెండోది పాఠం, అంటే తయారైన రచన: ఒక వ్యాసానికింత, ఒక మాటకింత, ఒక పుటకింత అని. మూడోది హక్కు: ఆ రచనను అచ్చువేసుకోవడానికి, అనువదించుకోవడానికి, తెరకెక్కించుకోవడానికి ఇచ్చే అనుమతి.

హక్కు అనేది కంటికి కనిపించదు కాబట్టి దాన్ని కొంచెం విప్పి చెప్పాలి. రచనల హక్కుల మీద దేశాల మధ్య కుదిరిన 1886 నాటి బెర్న్ ఒప్పందంలో చేరిన దేశాల్లో రచన స్థిరరూపం దాల్చగానే దాని మీద కాపీరైటు రచయితకు సంక్రమిస్తుంది. ఎక్కడా నమోదు చేయించనక్కర్లేదు. రచయిత జీవితకాలం, ఆ తర్వాత కనీసం 50 ఏళ్లు అది నిలుస్తుంది. అనేక దేశాలు దాన్ని 70 ఏళ్లకు పెంచాయి. డబ్బుతో సంబంధం లేని మరో రెండు హక్కులను 1928లో రోమ్‌లో జరిగిన సవరణ చేర్చింది. రచన తనదేనని చెప్పుకోవడం ఒకటి, తన పరువు పోయే విధంగా దాన్ని వికృతం చేయకుండా అడ్డుకోవడం మరొకటి. వీటిని నైతిక హక్కులంటారు.

హక్కు ఒకే ముద్ద కాదన్నది చాలామంది ఆలస్యంగా తెలుసుకునే సంగతి. ఒక కథను ఒక పత్రికకు మొదటిసారి ప్రచురించుకునే హక్కు మాత్రమే ఇచ్చిన రచయిత, అదే కథను తర్వాత సంపుటిలో వేసుకోవచ్చు, వేరే భాషకు ఇవ్వవచ్చు, రేడియోకి ఇవ్వవచ్చు. సర్వహక్కులూ రాసిచ్చిన రచయితకు ఆ తర్వాత తన కథను తన సంపుటిలో చేర్చుకోవడానికి కూడా అనుమతి కావాలి. ఇద్దరికీ ముట్టిన పారితోషికం ఒకటే అయినా ఇద్దరూ అమ్మిన సరుకు ఒకటి కాదు. ఇక ఉద్యోగిగా రాసినదాని హక్కు, చాలా దేశాల చట్టాల ప్రకారం, మొదటి నుంచీ యజమానిదే.

మాటకు ఇంత అన్న రేటు ఏం దాచిపెడుతుంది?

పాఠాన్ని అమ్మేవారికి మాట చొప్పున ధర చెప్పడం ఎన్నో చోట్ల వాడుక. చూడటానికి ఇది సూటిగా ఉంటుంది. 1500 మాటల వ్యాసం, మాటకు 2 చొప్పున అనుకుందాం. ఏ దేశపు నాణెమైనా సరే, మొత్తం 3000. విషయం కొత్తదైతే చదవడానికి 6 గంటలు, మనుషులతో మాట్లాడటానికి 3, రాయడానికి 5, అడిగిన మార్పులు చేయడానికి 2 గంటలు పడతాయనుకుంటే మొత్తం 16 గంటలు. గంటకు పడింది దాదాపు 187. ఇదే రచయిత అదే రంగంలో పదో వ్యాసం రాసేసరికి చదవాల్సింది సగానికి సగం తగ్గుతుంది, ఎవరిని అడగాలో ముందే తెలిసి ఉంటుంది, ఎడిటరు అడిగే ప్రశ్నలు కూడా ముందే ఊహకు అందుతాయి. పని 8 గంటల్లో తెమిలితే గంటకు 375 పడుతుంది. రేటు ఒక్క పైసా పెరగలేదు, ఆదాయం మాత్రం రెట్టింపయింది.

వైద్యం, న్యాయం, విద్యుత్తు, పన్నులు వంటి ఏదో ఒక రంగాన్ని పట్టుకున్న రచయితలు, అన్నీ రాసేవారికంటే కుదురుకోవడానికి మూలకారణం ఇదే. రంగంలో నిపుణుడన్న పేరు వల్ల రేటు పెరగడం తర్వాతి మాట. దీనికి అభ్యంతరం చెప్పేవారూ లేకపోలేదు. ఒకే రంగానికి కట్టుబడినవారు ఆ రంగం కుదేలైనప్పుడు దానితోపాటే కుదేలవుతారని, పదేళ్లు ఒకే రకం వ్యాసాలు రాసిన చేతికి ఒక రకమైన మూస పట్టుకుంటుందని వారంటారు. ఆ మాటలో నిజముంది. అందుకే చాలామంది ఒక రంగానికి బదులు ఇరుగుపొరుగైన రెండు రంగాలు ఎంచుకుంటారు.

పై లెక్కలో చేరని గంటలు కూడా ఉన్నాయి. పని కోసం ఉత్తరాలు రాయడం, బిల్లు పంపడం, రాని డబ్బు గురించి గుర్తు చేయడం, ఒప్పుకున్నాక ఆగిపోయిన పనులు: వీటికి విడిగా ఎవరూ చెల్లించరు. జీతం లేకుండా పనికింతని తీసుకుంటూ వారానికి 40 గంటలు పనిచేసే ఫ్రీలాన్సరుకు అందులో 25 గంటలకే డబ్బు వస్తోందనుకుంటే, గంటకు 375 అన్నది వాస్తవంలో 234 చిల్లర అవుతుంది. జీతగాడి గంటతో పోల్చాల్సింది ఈ రెండో అంకెను.

రాయల్టీ శాతం దేని మీద?

హక్కును అమ్మే పద్ధతుల్లో ఎక్కువగా వినబడేది రాయల్టీ, అంటే అమ్ముడుపోయిన ప్రతి మీద రచయితకు దక్కే వాటా. పుస్తకం ముద్రిత ధర 100, రాయల్టీ 10 శాతం అనుకుందాం. శాతం ముద్రిత ధర మీద అయితే ప్రతికి 10 వస్తుంది. కానీ ఒప్పందంలో ‘ప్రచురణకర్తకు నికరంగా చేరిన సొమ్ము మీద’ అని ఉండి, ప్రచురణకర్త ఆ పుస్తకాన్ని విక్రేతలకు సగం ధరకు ఇస్తుంటే, లెక్క 50 మీద నడుస్తుంది; రచయితకు వచ్చేది 5. రెండు ఒప్పందాల్లోనూ 10 శాతం అనే ఉంటుంది. సంతకం పెట్టే వేళ అంకెను చూసి మురిసి, దాని పక్కనున్న రెండు మాటలను దాటేయడం ఎంత సులభమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అడ్వాన్సు ఈ లెక్కకు మరో మడత పెడుతుంది. అడ్వాన్సు బహుమతి కాదు, ముందుగా చెల్లించిన రాయల్టీ. 20,000 అడ్వాన్సు తీసుకున్న రచయితకు ప్రతికి 10 చొప్పున అయితే 2000 ప్రతులు అమ్ముడయ్యేదాకా, 5 చొప్పున అయితే 4000 ప్రతులు అమ్ముడయ్యేదాకా కొత్తగా ఏమీ రాదు. పుస్తకం ఆడకపోతే అడ్వాన్సును తిరిగి అడగకపోవడం ఆనవాయితీ కాబట్టి, పెద్ద అడ్వాన్సు అంటే నష్టభయాన్ని ప్రచురణకర్త నెత్తిన పెట్టడమే. అయితే అడ్వాన్సు తీరని పుస్తకం వల్ల తర్వాతి పుస్తకానికి బేరమాడే బలం తగ్గుతుందని, చిన్న అడ్వాన్సుతో మొదలుపెట్టడమే మంచిదని వాదించే ఏజెంట్లూ (రచయిత తరఫున బేరమాడేవారు) ఉన్నారు.

సొంతంగా ప్రచురించుకునేవారి లెక్క వేరు. 2007లో కిండిల్ అనే ఈ-పుస్తక పరికరంతోపాటు అమెజాన్ తెరిచిన స్వీయ ప్రచురణ వేదికలో ఈ-పుస్తకం ధర నిర్ణీత పరిధిలో ఉంటే 70 శాతం, లేకుంటే 35 శాతం రచయితకు దక్కే పద్ధతి ఉంది. 10తో పోలిస్తే 70 గొప్పగా కనిపిస్తుంది. కానీ ఎడిటింగు, ముఖచిత్రం, ప్రచారం ఖర్చులన్నీ ఆ 70లోంచే పోవాలి. ఇక్కడ రచయిత ప్రచురణకర్త చేసే పనినీ, అతని నష్టభయాన్నీ కూడా కొనుక్కున్నాడు.

హక్కు నుంచి వచ్చే మరో చిన్న ఏరు గ్రంథాలయాలది. పుస్తకాన్ని పాఠకులు అరువు తీసుకెళ్లినందుకు ప్రభుత్వం రచయితకు పరిహారం చెల్లించే పద్ధతి మొదట 1946లో డెన్మార్క్‌లో వచ్చింది. బ్రిటన్ 1979లో చట్టం చేసింది. ఇది చాలా దేశాల్లో ఇంకా లేదు.

ఒక వాక్యం నాలుగు బల్లల మీదుగా

ఎడిటర్ పనిని వివరించడానికి ఒక వాక్యం చాలు. రాతప్రతి మూడో అధ్యాయంలో ఇలా ఉందనుకుందాం: ‘అతను ఉద్యోగం చేస్తూ ఉన్న సమయంలో అతని యొక్క తండ్రి చనిపోవడం జరిగింది.’

నిర్మాణాన్ని చూసే ఎడిటర్ ఈ వాక్యాన్ని ముట్టుకోడు. తండ్రి మరణం కథకు మలుపు అయినప్పుడు ఒక్క వాక్యంలో దాటేశారేమని, అది మూడో అధ్యాయంలో కాక మొదట్లోనే రావాలేమోనని రచయితను అడుగుతాడు. అతను ఇచ్చేది దిద్దుబాటు కాదు, పలు పుటల ఉత్తరం. తర్వాతి మెట్టు లైన్ ఎడిటింగ్. ఆ ఎడిటర్ చేతిలో అది ‘అతను ఉద్యోగంలో ఉండగానే తండ్రి చనిపోయాడు’ అవుతుంది. ‘యొక్క’ పోయింది, ‘జరిగింది’ పోయింది, మాటలు సగమయ్యాయి. కాపీ ఎడిటర్ దృష్టి మరోచోట ఉంటుంది. మొదటి అధ్యాయంలో తండ్రి 1992లో పోయాడని ఉంది, రెండో అధ్యాయంలో ఉద్యోగం 1994లో వచ్చిందని ఉంది, ఏది సరైనదని అంచున ప్రశ్న రాస్తాడు. తనంతట తాను ఏ సంవత్సరాన్నీ మార్చడు. చివరగా, పుట కూర్పు అయ్యాక, ప్రూఫ్ రీడర్ ‘చనిపొయాడు’ అని పడిన అక్షరదోషాన్ని పట్టుకుంటాడు.

ఈ నాలుగూ ఒకే మనిషి చేయవచ్చు, కానీ ఒకే చదువులో చేయలేడు. వాక్యపు సొగసు మీద పడిన కన్ను సంవత్సరాల లెక్కను జారవిడుస్తుంది. పైగా వరుస తప్పితే శ్రమ వృథా. నిర్మాణం తేలకముందే కామాలు దిద్దితే, ఆ దిద్దిన అధ్యాయమే రేపు ఎగిరిపోవచ్చు.

ఎడిటర్ ఆదాయం కూడా ఈ తేడాల మీదే నడుస్తుంది. 75,000 మాటల పుస్తకాన్ని పుటకు 250 మాటల లెక్కన కొలిస్తే 300 పుటలు. కాపీ ఎడిటింగ్ గంటకు 5 పుటల చొప్పున సాగితే 60 గంటలు. రాత చిక్కగా, అడ్డదిడ్డంగా ఉండి గంటకు 3 పుటలకే పరిమితమైతే 100 గంటలు. పుస్తకం మొత్తానికి ఇంత అని ముందే ఒప్పుకున్న ఎడిటర్‌కు ఈ 40 గంటల తేడా సొంత నష్టం. అందుకే అనుభవజ్ఞులు ధర చెప్పే ముందు మధ్యలోంచి నాలుగైదు పుటలు దిద్ది చూస్తారు. మొదటి అధ్యాయాన్ని నమ్మరు, ఎందుకంటే అది రచయిత అందరికంటే ఎక్కువసార్లు దిద్దుకున్న భాగం.

ఎడిటర్ ఎంత గొప్పగా దిద్దినా, మామూలు ఒప్పందాల్లో, పుస్తకం మీద అతనికి హక్కు రాదు. అతను అమ్మేది కాలం, లేదా పుటల లెక్కన చేసిన పని మాత్రమే. పుస్తకం లక్ష ప్రతులు పోయినా, వంద దగ్గర ఆగినా అతని బిల్లు ఒకటే. రచయితకు నష్టభయం ఎక్కువ, ఆశ కూడా ఎక్కువ. ఎడిటర్‌కు రెండూ తక్కువే. ఒకే మనిషి రెండు పనులూ చేయడం వెనక ఉన్న ఆర్థిక తర్కం ఇదే. నోబెల్ అందుకున్న అమెరికన్ రచయిత్రి టోనీ మోరిసన్ తొలి నవల 1970లో వచ్చింది. ఆమె 1983 దాకా రాండమ్ హౌస్ ప్రచురణ సంస్థలో ఎడిటరుగా పనిచేస్తూనే ఉన్నారు. కవి టి.ఎస్. ఎలియట్ 1917 నుంచి 1925 దాకా లాయిడ్స్ బ్యాంకులో ఉద్యోగి; అది వదిలి ఆయన చేరింది ఒక ప్రచురణ సంస్థలో.

ప్రవేశద్వారం: పట్టా, నమూనా, ఉచిత రచన

ఎడిటర్‌గానో రచయితగానో పనిచేయడానికి వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్టు లైసెన్సు లేదు. కెనడాలో ఎడిటర్ల సంఘం పరీక్షలు పెట్టి ధ్రువపత్రాలు ఇస్తుంది. బ్రిటన్‌లోని సంఘంలో శిక్షణను, అనుభవాన్ని బట్టి సభ్యత్వపు మెట్లు ఉన్నాయి. ఇవి నమ్మకాన్ని పెంచేవే తప్ప తప్పనిసరి కావు. సృజనాత్మక రచనకు విశ్వవిద్యాలయ శిక్షణ అన్న ఆలోచన అమెరికాలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్‌తో స్థిరపడింది. అలాంటి చదువు గడువుల క్రమశిక్షణను, తోటివారి విమర్శను, పరిచయాలను ఇస్తుందని సమర్థకులు అంటారు; అప్పు మిగిల్చి, అందరి గొంతునూ ఒకేలా చేస్తుందని విమర్శకులు అంటారు. పని ఇచ్చేవారు పట్టాకంటే ముందు అడిగేది మాత్రం నమూనాను: రచయితనైతే అచ్చయిన మూడు నాలుగు రచనలను, ఎడిటర్‌నైతే ఒక చిన్న పరీక్షను.

అచ్చయిన రచన లేకుండా పని రాదు, పని రాకుండా అచ్చయిన రచన ఉండదు. ఈ చిక్కుముడి దగ్గరే ఉచితంగా రాయడం గురించిన వాదన పుడుతుంది. డబ్బు పుచ్చుకోకుండా రాసేవారు అందరి ధరనూ పడగొడుతున్నారని, పైగా జీతం లేకుండా గడవగలిగినవారికే వృత్తిని మిగులుస్తున్నారని ఒక వాదన. చిన్న పత్రికలకు ఇచ్చే డబ్బే లేదని, పేరు రావడానికి మొదట అదే దారని ఎదుటి వాదన. తేడా చూడాల్సింది పుచ్చుకునేవారి వైపు నుంచి. రచన వల్ల లాభపడే సంస్థ దాన్ని ఉచితంగా అడగడం, ఎవరికీ లాభంలేని పత్రిక అడగడం ఒకటి కావు. ఉచితంగా ఇచ్చినా హక్కును మాత్రం ఇవ్వకుండా ఉంచుకోవచ్చన్న సంగతి ఈ వాదనలో తరచు మరుగున పడుతుంది.

జీతమా, స్వేచ్ఛా?

జీతానికి పనిచేయాలా, స్వతంత్రంగా రాసుకోవాలా అన్నది స్వభావానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఏ సరుకును ఎక్కడ అమ్మాలన్న ప్రశ్న కూడా. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రొలోప్ 33 ఏళ్లు బ్రిటిష్ తపాలా శాఖలో పనిచేశాడు. తెల్లవారుజామున గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాసి, ఆ తర్వాత ఆఫీసుకు వెళ్లేవాడు. ఆయన కాలాన్ని తపాలా శాఖకు అమ్మి, నవలల మీది హక్కుల బేరంలో తొందరపడాల్సిన అవసరం లేకుండా చూసుకున్నాడు. రాతేతర ఉద్యోగం వల్ల ఉన్న మేలు ఇదే. రాతకు సంబంధించిన ఉద్యోగంలో చెయ్యి తిరుగుతుంది, పరిచయాలు పెరుగుతాయి, కానీ రోజంతా ఇతరుల వాక్యాలతో గడిపినవారికి సాయంత్రం సొంత వాక్యం మీద ఆసక్తి మిగలదని చెప్పేవారు చాలామంది. ఎవరి మాట ఎవరికి వర్తిస్తుందో ముందుగా చెప్పలేం.

యంత్రం వచ్చాక ఏది మారింది, ఏది మారలేదు?

ఇప్పుడు మూడు సరుకుల లెక్కకు తిరిగి వస్తే, కృత్రిమ మేధ మీది గందరగోళం కొంత విడిపోతుంది. యంత్రం పాఠాన్ని చౌక చేసింది. సాధారణ సమాచారాన్ని సాధారణంగా చెప్పే వ్యాసాన్ని మాట చొప్పున అమ్మేవారి మీద దెబ్బ ముందు పడటం సహజం. హక్కు విషయం వేరు. అమెరికా కాపీరైట్ కార్యాలయం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మనిషి సృజన లేకుండా యంత్రమే పుట్టించిన పాఠానికి కాపీరైటు రక్షణ లేదు. అంటే హక్కులు కొనేవారికి మనిషి రచన కావలసిన చట్టపరమైన కారణం ఒకటి మిగిలింది.

అమెరికా సినీ, టెలివిజన్ రచయితలు 2023 మే 2 నుంచి సెప్టెంబరు 27 వరకు 148 రోజులు చేసిన సమ్మెలోనూ పోరు ఈ గీత మీదే నడిచింది. యంత్రం తయారుచేసిన పాఠాన్ని మూలరచనగా లెక్కగట్టకూడదని, యంత్రాన్ని వాడమని రచయితను బలవంతపెట్టకూడదని, రచయితకు ఇచ్చిన సామగ్రిలో యంత్రం రాసింది ఉంటే నిర్మాణ సంస్థ ముందే చెప్పాలని ఒప్పందంలో చేర్చారు. యంత్రం రాసినదాన్ని మూలరచనగా ఒప్పుకుంటే, రచయితకు దక్కేది దాన్ని తిరగరాసినందుకు ఇచ్చే తక్కువ పారితోషికమే అయ్యేది.

ఎడిటర్ల భవిష్యత్తు గురించి మాత్రం రెండు అంచనాలు ఢీకొంటున్నాయి. పాఠం పెరిగేకొద్దీ దాన్ని సరిచూసే కన్ను అవసరం పెరుగుతుందని ఒకటి. రెండోది అనువాద రంగాన్ని చూపిస్తుంది. అక్కడ యంత్రానువాదాన్ని మనిషి చేత దిద్దించే పద్ధతి ముందే వచ్చింది. పని పోలేదు గానీ, దిద్దుబాటు తేలికన్న లెక్కతో మాట రేటు తగ్గింది. దిద్దినవారు మాత్రం ఆ పని ఎప్పుడూ తేలిక కాదన్నారు. తప్పు వాక్యంలో తప్పు బయటకు కనిపిస్తుంది, కానీ నున్నగా ఉన్న వాక్యంలో లేని సంవత్సరమో, లేని మనిషో ఉంటే ప్రతి మాటనూ మొదటి నుంచి సరిచూడాలి. గంటకు 5 పుటలు అనుకున్న పని 3 పుటలకు దిగేది అక్కడే. రేటును పుటల లెక్కన ఒప్పుకున్నారా, గంటల లెక్కన ఒప్పుకున్నారా అన్నదాన్ని బట్టి ఆ తేడా ఎవరి ఖాతాలో పడుతుందో తేలుతుంది.